స్టాంపు, ఉమ్మెత్త, మానిపండు: ఏ పరీక్షకు ఏది దొరుకుతుంది?

భ్రాంతి కలిగించే మత్తుపదార్థాలను ఒంట్లో ఎలా పట్టుకుంటారు, అవి ఒంట్లో ఏం చేస్తాయి అని ఉభయ గోదావరి జిల్లాల నుంచి, కోనసీమ నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ నెల జవాబులు. ల్యాబ్ సంగతులు విషపదార్థాల విశ్లేషణ చేసే రసాయనవేత్త, ఆసుపత్రి సంగతులు ఎమర్జెన్సీ వార్డు వైద్యురాలు రాశారు. ఉత్తరాలను కుదించాం. పేర్లు వేయలేదు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, హాస్టల్లో ఉంటాడు. దసరా సెలవలకు ఇంటికొచ్చిన రోజు రాత్రంతా నిద్రపోకుండా గోడ మీద రంగులు కదులుతున్నాయంటూ నవ్వుతూ కూర్చున్నాడు. వాడి స్నేహితుణ్ణి నిలదీస్తే "స్టాంపు వేసుకున్నాడు అంకుల్" అన్నాడు. మెడికల్ షాపులో ఆరు రకాల మందులు చూసే కిట్ కొని మూత్రం పరీక్ష చేశాం. అన్నీ నెగెటివ్. మా బావగారు "ఇంకేం, ఏమీ లేదు" అంటున్నారు. నమ్మొచ్చాండీ?
— ఒక తండ్రి, భీమవరం

జవాబు: ఆ కిట్‌ను నమ్మి ఏ నిర్ణయానికీ రాకండి. ఒకసారి డబ్బా మీది పేర్లు చదవండి. ఆరింటి కిట్లలో మామూలుగా ఉండేవి గంజాయి, మార్ఫిన్, కొకైన్, యాంఫెటమిన్, బెంజోడయజెపిన్, బార్బిట్యురేట్. స్టాంపు అంటే చిన్న కాగితం ముక్క మీద వేసి అమ్మే ఎల్‌ఎస్‌డీ. అది ఆ జాబితాలోనే లేదు. వెతకని వస్తువు దొరకలేదని సంతోషించి లాభం లేదు.

ఎల్‌ఎస్‌డీని చాలా కిట్లలో పెట్టకపోవడానికి కారణం దాని మోతాదు. పారాసిటమాల్ మాత్రలో 500 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ఎల్‌ఎస్‌డీ 100 మైక్రోగ్రాములు చాలు, అంటే అందులో అయిదువేలవ వంతు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు 100 మైక్రోగ్రాములిచ్చి కొలిస్తే, రక్తంలో దాని మట్టం అత్యధికంగా ఉన్న సమయంలో కూడా మిల్లీలీటరుకు సుమారు 1.3 నానోగ్రాములే. మీ ప్రాంతం లెక్కలో చెప్పాలంటే, ఒకటిన్నర మీటరు లోతున్న ఎకరం రొయ్యల చెరువులో ఆరు గ్రాముల ఉప్పు కలిపితే ఎంత పలచనవుతుందో ఒక నానోగ్రాము అంత పలచన.

మూత్రంలో పరిస్థితి ఇంకా కష్టం. మింగిన ఎల్‌ఎస్‌డీలో నూటికి ఒక వంతే మారకుండా మూత్రంలోకి వస్తుంది. 100 మైక్రోగ్రాముల్లో ఒక మైక్రోగ్రామన్నమాట. రోజుకు లీటరున్నర మూత్రం పోస్తే సగటున మిల్లీలీటరుకు 0.67 నానోగ్రాములు. ఎల్‌ఎస్‌డీ కోసం విడిగా దొరికే తొలివిడత పరీక్షల్లో మామూలుగా పెట్టుకునే గీత 0.5. కాబట్టి ఆ పరీక్ష చేయించినా, కొబ్బరిబోండాలు నాలుగు తాగిన రోజైతే గీత దిగువకు పోవచ్చు. అదీ మొదటి రోజు సంగతి. తర్వాత స్ట్రిప్‌తో ఆశ పెట్టుకోనక్కర్లేదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. స్టాంపు పేరుతో అమ్మే కాగితం మీద ఎల్‌ఎస్‌డీయే ఉండాలని లేదు. ఎన్‌బోమ్ అనే వేరే జాతి రసాయనాలను అదే కాగితం మీద వేసి అమ్ముతారు. వాటితో మూర్ఛలు, విపరీతమైన జ్వరం వచ్చి చనిపోయినవాళ్లున్నారు. ఎల్‌ఎస్‌డీ స్ట్రిప్ వాటిని గుర్తించదు.

దసరా నాటి మందు ఇప్పుడు ఏ మూత్రంలోనూ దొరకదు. దొంగచాటుగా అబ్బాయి మూత్రం పట్టి పరీక్షలు చేయడం మానేసి, ఎదురుగా కూర్చోబెట్టి అడగండి. నిద్ర పట్టకపోవడం, అనుమానాలు, తనలో తాను మాట్లాడుకోవడం ఇప్పటికీ ఉంటే సైకియాట్రిస్టు దగ్గరకు తీసుకెళ్లండి. ఆ రాత్రి లక్షణాలు మందుతో కాక మానసిక జబ్బు మొదలై కూడా వచ్చి ఉండొచ్చు. ఆ వయసులోనే అవి బయటపడతాయి. మత్తు అలవాటు గురించి సలహాకు కేంద్రం నడిపే ఉచిత నంబరు 14446.

ప్రశ్న: స్ట్రిప్‌కు దొరకనిది పెద్ద ల్యాబుల్లో ఎలా దొరుకుతుంది? మా సిలబస్‌లో "ఎల్‌సీ-ఎంఎస్ ద్వారా నిర్ధారిస్తారు" అని ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యం లోపల ఏం జరుగుతుందో చెప్పండి.
— ఎం.ఎల్.టి. విద్యార్థిని, కాకినాడ

జవాబు: ఎల్‌సీ-ఎంఎస్ అంటే కాలమ్‌లో పదార్థాలను విడదీసి, అణువుల బరువు తూచే మిషన్ (మాస్ స్పెక్ట్రోమీటరు). ఆ పనిలో మొదటి సగం పోగుచేయడం, రెండో సగం తూకం వేయడం. చెడిపోయేది ఎక్కువగా మొదటి సగంలోనే.

మూత్రం 2 మిల్లీలీటర్లు తీసుకుంటారు. అన్నిటికంటే ముందు అందులో ఎల్‌ఎస్‌డీ-డీ3ని కొలిచి కలుపుతారు. ఇది మూడు హైడ్రోజన్ల స్థానంలో డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న ఎల్‌ఎస్‌డీ. రసాయనంగా ప్రవర్తన ఒకటే, బరువు మాత్రం మూడు ఎక్కువ. దారిలో అసలు మందు ఎంత పోతే ఇదీ అంతే పోతుంది కనక చివర్లో రెండింటి నిష్పత్తి చూస్తే నష్టం సర్దుకుంటుంది. దీన్ని చివర్లో కలిపితే ఆ ప్రయోజనమంతా గంగపాలు.

తర్వాత బఫర్‌తో పీహెచ్ సరిచేసి, కేటయాన్లను (ధనావేశమున్న అయాన్లను) పట్టే గుణమున్న కార్ట్రిడ్జ్ గుండా నెమ్మదిగా దించుతారు. మందు లోపల అతుక్కుంటుంది. నీళ్లతో, పలుచని ఆమ్లంతో, మిథనాల్‌తో వరసగా కడిగితే యూరియా, రంగులు, లవణాలు పోతాయి. అప్పుడు డైక్లోరోమీథేన్, ఐసోప్రొపనాల్, అమ్మోనియా 78:20:2 పాళ్లలో కలిపిన ద్రావకం పోస్తే మందు ఊడి వస్తుంది. ఆ ద్రావకం అప్పటికప్పుడు కలుపుకోవాలి. నిన్నటిదైతే అమ్మోనియా ఎగిరిపోయి మందు కార్ట్రిడ్జ్‌లోనే ఉండిపోతుంది. దించినదాన్ని నైట్రోజన్ గాలి కింద, 40 డిగ్రీలు దాటకుండా ఆరబెట్టి, 100 మైక్రోలీటర్ల ద్రావకంలో మళ్లీ కరిగిస్తారు. రెండు మిల్లీలీటర్లు పదోవంతు మిల్లీలీటరయింది కనక గాఢత ఇరవై రెట్లు.

ఆరబెట్టేటప్పుడు తొందరపడి వేడి పెంచినా, ఎండిపోయాక అలాగే వదిలేసినా మందు గాజుకు అతుక్కుని మళ్లీ కరగదు. నానోగ్రాముల పనిలో ఇది చిన్న నష్టం కాదు. పీహెచ్ బాగా పెంచితే ఎనిమిదో కార్బన్ దగ్గర అమరిక తిరగబడి ఐసో-ఎల్‌ఎస్‌డీ అవుతుంది. బరువు అదే, మత్తు లేదు. మిషన్ దాన్ని బరువుతో వేరు చేయలేదు. సీ-18 కాలమ్‌లో బయటకొచ్చే సమయంతోనే వేరు చేయాలి. ల్యాంపా అనే మరో పదార్థానిదీ ఇదే కథ.

ఇక తూకం. కాలమ్ నుంచి వచ్చినదానికి ఒక ప్రోటాను తగిలిస్తే ఎల్‌ఎస్‌డీ 324 దగ్గర కనిపిస్తుంది. మిషన్ 324 ఉన్నవాటినే లోపలికి రానిచ్చి, వాయువుతో ఢీకొట్టించి ముక్కలు చేస్తుంది. 223, 208 ముక్కలు రావాలి. డీ3 అయితే 327 నుంచి 226. రెండు ముక్కలూ రావాలి, వాటి నిష్పత్తి ప్రామాణిక నమూనాతో సరిపోవాలి, బయటకొచ్చిన సమయం డీ3 సమయంతో కలవాలి. ఈ మూడూ కుదరకపోతే పాజిటివ్ అని రాయకూడదు.

ఇప్పుడు అసలు కీలకం. తెలివైన ల్యాబ్ ఎల్‌ఎస్‌డీ ఒక్కదాని కోసం వెతకదు. కాలేయం దాన్ని 2-ఆక్సో-3-హైడ్రాక్సీ-ఎల్‌ఎస్‌డీగా మారుస్తుంది. మింగినదాంట్లో నూటికి 13 వంతుల దాకా ఈ రూపంలోనే మూత్రంలోకి వస్తుంది. మూత్రంలో ఇది మాతృపదార్థం కంటే 16 నుంచి 43 రెట్లు ఎక్కువగా ఉన్నట్టు పాజిటివ్ నమూనాల్లో తేలింది. మిషన్‌లో 356 నుంచి 237. మొదటి ఉత్తరంలో వేసిన లెక్కే దీనికి వేస్తే 0.67 బదులు ఎనిమిది, తొమ్మిది నానోగ్రాములొస్తాయి. ఎల్‌ఎస్‌డీ ఒక రోజులో కనుమరుగైతే ఇది నాలుగైదు రోజులు దొరకొచ్చు. ఒంట్లోనే తయారయ్యేది కాబట్టి, ఎవరో సీసాలో బయటి నుంచి మందు కలిపారన్న వాదనకూ ఇది జవాబు.

బ్యాచ్‌లో పెద్ద పాజిటివ్ నమూనా తర్వాత ఖాళీ ద్రావకం ఎక్కించి చూడటం మరిచిపోకండి. సూదిలో మిగిలిన చిటికెడు పక్కవాడి రిపోర్టులోకి వెళ్తుంది.

ప్రశ్న: మాది చిన్న ల్యాబ్. మెడికోలీగల్ కేసుల్లో మూత్రం తీసి పంపమంటారు. ఎండాకాలంలో సీసా బస్సు పార్సిల్లో వెళ్లేసరికి వేడెక్కి ఉంటుంది. ఎల్‌ఎస్‌డీ అనుమానముంటే ఎలా పంపాలి?
— ల్యాబ్ టెక్నీషియన్, రాజోలు

జవాబు: వేడి కంటే వెలుతురుకు భయపడండి. చీకట్లో 25 డిగ్రీల దగ్గర నాలుగు వారాలుంచినా మూత్రంలో ఎల్‌ఎస్‌డీ చెప్పుకోదగ్గంత తగ్గదు. 37 డిగ్రీల్లో నాలుగు వారాలకు నూటికి 30 దాకా పోతుంది, 45లో 40 దాకా. ఒక పగలు పార్సిల్లో ఉన్నంత మాత్రాన మాయమైపోదు. అదే పారదర్శకమైన సీసాను కిటికీ పక్కన పెడితే అతినీలలోహిత కాంతికి నీటి అణువు చేరి ల్యూమి-ఎల్‌ఎస్‌డీగా మారిపోతుంది. మిషన్ దాన్ని వేరే పదార్థంగా చూస్తుంది.

వెలుతురు చొరని పాలిథిలిన్ డబ్బాలో గానీ గోధుమరంగు సీసాలో గానీ 30 నుంచి 50 మిల్లీలీటర్లు పట్టండి. దొరకకపోతే మామూలు డబ్బాకే అల్యూమినియం రేకు రెండు చుట్లు చుట్టండి. లేబుల్ రేకు మీద కాదు, డబ్బా మీద అంటించాలి. రేకు ఊడితే కేసు ఊడుతుంది. డబ్బాను కుళాయి నీళ్లతో కడిగి వాడొద్దు. క్లోరిన్ ఎల్‌ఎస్‌డీని పాడుచేస్తుంది. ఇనుము లాంటి లోహాల అయాన్లు మూత్రంలో దాని విచ్ఛిన్నాన్ని వేగిరపరుస్తాయి కనక తుప్పు మూతలు పనికిరావు. నిల్వ చేయాల్సొస్తే ఈడీటీఏ కలిపితే ఈ లోహాల పీడ ఆగుతుంది. కానీ కలిపినట్టు ఫారంలో రాయాలి.

రక్తమైతే సోడియం ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబులో 5 మిల్లీలీటర్లు. మోచేతి దగ్గర స్పిరిట్ రాయడం మానండి, మద్యం కొలత కూడా అడగొచ్చు. ఐసు పెట్టెలో ట్యూబు ఐసుకు నేరుగా తగలకుండా గుడ్డ పెట్టండి. గడ్డకట్టి పగిలిన ట్యూబులో వచ్చే రక్తంతో ఎవరికీ ఉపయోగం లేదు. నమూనా తీసిన సమయంతో పాటు, ఆసుపత్రిలో ఏ మందులు ఎప్పుడిచ్చారో కేసుషీటు చూసి రాయండి. ఎందుకో తర్వాతి జవాబులో ఉంది.

స్ట్రిప్ కిట్లు మీరు కూడా వాడుతుంటే, పౌచ్ విప్పి పక్కన పెట్టుకునే అలవాటుంటే మానుకోండి. కోనసీమ గాలిలో తేమకు స్ట్రిప్ కాసేపటికే చెడుతుంది. స్ట్రిప్ పనిచేస్తోందని చూపే కంట్రోల్ గీత రాకపోతే ఆ పరీక్ష చెల్లదు. దాన్ని నెగెటివ్ అని రాసేవాళ్లున్నారు కాబట్టి చెప్పాల్సి వస్తోంది.

ప్రశ్న: వినాయకచవితి పత్రిలో ఉమ్మెత్త తెస్తారు కదండీ. మా తోడికోడలి కొడుకు, ఆరేళ్లవాడు, కాయ విప్పి గింజలు నోట్లో వేసుకున్నాడు. గంటకల్లా ఒళ్లు కాలిపోతూ, గాల్లో దారాలు పీకుతున్నట్టు చేతులాడిస్తూ, లేని కుక్కపిల్లతో మాట్లాడాడు. దిష్టి అన్నారు. ఆసుపత్రిలో తగ్గింది. కానీ పరీక్షలో ఏ మత్తూ లేదని రాశారు. ఉమ్మెత్త మత్తు కాదా?
— గృహిణి, అమలాపురం

జవాబు: మత్తే. డెల్టాలో ఎమర్జెన్సీ వార్డుకు వచ్చే భ్రాంతి కేసుల్లో స్టాంపు కంటే ముందు అనుమానించాల్సింది ఉమ్మెత్తను. కాలవగట్టునా, దొడ్డి వెనకా, దిబ్బ మీదా పెరుగుతుంది. ఆసుపత్రి మత్తు పరీక్షలో అది లేదు, అంతే.

నల్ల ఉమ్మెత్త, తెల్ల ఉమ్మెత్త రెండింట్లోనూ అట్రోపిన్, స్కోపొలమిన్, హయోసయమిన్ ఉంటాయి. ఇవి నరాల సందేశాలు మోసే అసిటైల్‌కొలిన్‌ను అందుకునే మస్కరినిక్ గ్రాహకాలను మూసేస్తాయి. అందుకే నోరెండిపోతుంది, చెమట ఆగి ఒళ్లు కాలుతుంది, కంటిపాప పెద్దదై వెలుతురు ఓర్వదు, గుండె పరిగెడుతుంది, మూత్రం బిగుస్తుంది. లేని దారాలు పీకడం, లేనివాళ్లతో మాట్లాడటం ఈ విషానికి పెట్టింది పేరు. ఎల్‌ఎస్‌డీ తీసుకున్నవాడు చాలాసార్లు గోడ కదలడం లేదని తెలిసే చూస్తుంటాడు. ఉమ్మెత్త తిన్నవాడికి కుక్కపిల్ల నిజంగానే ఉంటుంది. అందుకే వీళ్లను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు. నూతిలోకో కాలవలోకో నడిచిపోతారు. ఒకే మొక్కలో ఒక కాయకూ ఇంకో కాయకూ విషం పాళ్లు మారతాయి కనక ఇన్ని గింజలైతే ఫర్వాలేదన్న లెక్క ఏదీ లేదు.

తీసుకెళ్లేటప్పుడు మిగిలిన కాయ, వాంతిలో గింజలు కనిపిస్తే అవి కూడా కాగితంలో చుట్టి పట్టుకెళ్లండి. అన్నిటికంటే వేగమైన పరీక్ష అదే. కూరలో పడితే మిరపగింజలని పొరబడతారు. మిరపగింజ చిన్నది, లేత పసుపు, ఘాటు. ఉమ్మెత్త గింజ కాస్త పెద్దది, గోధుమరంగు, మూత్రపిండం ఆకారం, పైన సన్నని గుంటలు, చేదు. నాలికతో చూడమని కాదు! నిలువుగా కోసి భూతద్దంలో చూస్తే మిరపలో పిండం 6 అంకెలా లోపలికి ముడుచుకుని ఉంటుంది, ఉమ్మెత్తలో బొడ్డు దగ్గర బయటికి వంగి ఉంటుంది. మన దేశపు ఫోరెన్సిక్ పాఠ్యపుస్తకాల్లో తరాలుగా ఉన్న పద్ధతిది. దారిదోపిడీగాళ్లు బాటసారుల తిండిలో ఉమ్మెత్త కలిపేవారు కనక ఆ పుస్తకాలు దీన్ని దారివిషమని కూడా అంటాయి. రోగి మూత్రం చుక్క పిల్లి కంట్లో వేసి పాప విచ్చుకుంటుందేమో చూడటం ఆ కాలపు నిర్ధారణ. విటాలీ పరీక్ష తర్వాతిది: పొగలు కక్కే నత్రికామ్లంతో ఆవిరి చేసి, ఆల్కహాల్‌లో కలిపిన పొటాషియం హైడ్రాక్సైడ్ వేస్తే ఊదారంగు. ఇప్పుడు మిషన్‌లో అట్రోపిన్ 290 నుంచి 124, స్కోపొలమిన్ 304 నుంచి 138.

డెల్టాలో ఒక ప్రత్యేకమైన మెలిక ఉంది. వరిచేలకు కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు తాగినవాళ్లకు విరుగుడుగా ఇచ్చేది అట్రోపినే. అట్రోపిన్ పడ్డాక తీసిన మూత్రంలో అట్రోపిన్ దొరికితే అది ఉమ్మెత్తదో ఇంజెక్షన్‌దో తేలదు. అప్పుడు స్కోపొలమిన్ కోసం చూడాలి. ఇంజెక్షన్‌లో అది ఉండదు, మొక్కలో ఉంటుంది. కడుపునొప్పికి వాడే హయోసిన్ బ్యూటైల్‌బ్రోమైడ్ మాత్ర పేరు దగ్గరగా ఉన్నా అణువు వేరు, బరువు వేరు. కలిపేయకూడదు. రాజోలు టెక్నీషియన్ గారికి మందుల సమయం రాయమన్నది ఇందుకే. మంచం దగ్గర తేడా తేలికే. పురుగుమందైతే కంటిపాప సూదిమొన, చెమటలు, నోట్లో చొంగ. ఉమ్మెత్తైతే అన్నీ తలకిందులు.

వైద్యానికి పరీక్ష కోసం ఆగనక్కర్లేదు. బొగ్గుమందు కాస్త ఆలస్యమైనా పనిచేయొచ్చు, పేగుల కదలిక మందగించి గింజలు కడుపులోనే ఉంటాయి కనక. గంతులేసేవాణ్ణి కట్టేస్తే జ్వరం ఇంకా పెరుగుతుంది. డయజెపామ్ జాతి మందుతో శాంతపరచి, ఒళ్లు తడిపి ఫ్యాను కింద ఉంచాలి. పొట్ట కింద బిగుతుగా ఉంటే కెథటర్ వేయాలి. సగం అలజడి దానితోనే తగ్గుతుంది. ఊళ్లో డాక్టరు గారు దురద ఇంజెక్షన్ ఫెనిరమైన్ గానీ ప్రోమెథజైన్ గానీ ఇస్తే మాత్రం ఎదురుతిరుగుతుంది, అవీ అదే గ్రాహకాలను మూస్తాయి. అసలు విరుగుడు ఫైసోస్టిగ్మిన్. పెద్దవాళ్లకు 0.5 నుంచి 2 మిల్లీగ్రాములు, పిల్లలకు బరువును బట్టి ఇంకా తక్కువ, నెమ్మదిగా, ఈసీజీ చూస్తూ. అన్ని ఆసుపత్రుల్లోనూ దొరకదు. మనిషి ఒకటి రెండు రోజుల్లో తేరుకున్నా కంటిపాప ఇంకొన్నాళ్లు విచ్చుకునే ఉండొచ్చు. ఆ రోజుల్లో పిల్లాడికి అక్షరాలు మసకగా కనిపిస్తే కంగారు పడకండి.

ప్రశ్న: ఎల్‌ఎస్‌డీని ధాన్యం మీద బూజు నుంచి కనిపెట్టారని చదివాను. స్వర్ణ వేశాను. ఈసారి కంకులకు మానిపండు తెగులు బాగా పట్టింది. ఆ బియ్యం తింటే మత్తెక్కుతుందా? పరీక్షలో పట్టుబడతామా?
— రైతు, పెనుగొండ

జవాబు: రెండూ జరగవు. మీరు చదివిన బూజు ఎర్గాట్, రై అనే చలిదేశపు ధాన్యానికి పడుతుంది. దానిలోని లైసెర్జిక్ ఆమ్లం నుంచి స్విస్ రసాయనవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో ఎల్‌ఎస్‌డీ తయారుచేశారు. మందుల ప్రయోగంగా చేసి పక్కన పెట్టేశారు. 1943 ఏప్రిల్‌లో పొరపాటున ఒంట్లోకి పోయి, తర్వాత కావాలనే 250 మైక్రోగ్రాములు మింగి దాని ప్రభావం తెలుసుకున్నారు.

మానిపండు బూజు ఎర్గాట్‌కు దూరపు చుట్టమే. పాత పుస్తకాల్లో దానికి క్లావిసెప్స్ అన్న ఇంటిపేరు కూడా పెట్టారు. అయితే అది చేసే విషాలు ఉస్టిలాక్సిన్లు. లైసెర్జిక్ ఆమ్లం కాదు. ఇవి కణవిభజనకు అడ్డుపడతాయి, భ్రాంతి కలిగించవు. ఎల్‌ఎస్‌డీ పరీక్షకూ వీటికీ సంబంధం లేదు. అలాగని తినొచ్చని కాదు. పసుపు, ఆకుపచ్చ ఉండలు కట్టిన గింజలు తూర్పారబట్టి తీసేయండి, గడ్డి మీద ఆ పొడి బాగా ఉంటే పశువులకు వేయకండి, విత్తనానికి ఆ చేను ఉంచకండి. మన దేశంలో ఎర్గాట్ ఇబ్బంది పెట్టింది సజ్జ తినే గుజరాత్, రాజస్థాన్ ప్రాంతాల్లో. అక్కడా వాంతులు, కళ్లు తిరగడం, మగతే.

ప్రశ్న: మా ఆయన గల్ఫ్ ఉద్యోగానికి మెడికల్ చేయించుకుంటే మూత్రంలో ఎల్‌ఎస్‌డీ పాజిటివ్ అన్నారు. ఆయనకు సిగరెట్టు కూడా అలవాటు లేదు. పది రోజులుగా దగ్గుకు సిరప్ మాత్రం తాగుతున్నారు.
— మలికిపురం నుంచి ఒక భార్య

జవాబు: సిరప్ సీసా మీద ఆంబ్రాక్సాల్ అని ఉందేమో చూడండి. మన దగ్గర కఫం కరిగించడానికి రాసే సిరప్పుల్లో చాలావాటిలో ఉంటుంది. ఒక రకం ఎంజైమ్ ఇమ్యునో పరీక్షలో ఆంబ్రాక్సాల్ ఎల్‌ఎస్‌డీలా పలుకుతుందని 1998లోనే జర్మనీ పరిశోధకులు ప్రచురించారు. ఆపరేషన్లలో నొప్పికి ఇచ్చే ఫెంటానిల్‌తో కూడా ఇలా జరిగింది. ఈ తొలివిడత పరీక్షలు యాంటీబాడీతో చేస్తారు. యాంటీబాడీ అణువు మొత్తాన్ని కాదు, అందులో ఒక మూలను పట్టుకుంటుంది. ఆ మూల ఇంకో మందులో ఉంటే దాన్నీ పట్టుకుంటుంది.

వెంటనే రాతపూర్వకంగా రెండు అడగండి: అదే నమూనా మిగిలిన భాగాన్ని పారేయొద్దని, మాస్ స్పెక్ట్రోమెట్రీతో నిర్ధారణ చేయించమని. కొత్తగా మూత్రం ఇస్తే అది పాతదాని గురించి ఏమీ చెప్పదు, సిరప్ ఆపేశాక నెగెటివ్ వచ్చినా "మందు దిగిపోయింది" అంటారు. మందుల చీటీ, సిరప్ బిల్లు, సీసా జత చేయండి. నిర్ధారణలో ఎల్‌ఎస్‌డీ గానీ దాని ఆక్సో-హైడ్రాక్సీ రూపం గానీ లేకపోతే మొదటి రిపోర్టును సవరించి ఇవ్వాలి. నీళ్లు బాగా తాగి వెళ్లమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మూత్రంలో మామూలుగా ఉండే క్రియాటినిన్ డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల కంటే తగ్గితే నీళ్ల మూత్రమని రాస్తారు, లేని అనుమానం కొత్తగా అంటుకుంటుంది.

ప్రశ్న: ఎల్‌ఎస్‌డీ రక్తంలో మూడు గంటలకు సగమైపోతుందంటారు. మరి ప్రభావం పొద్దస్తమానం ఎలా ఉంటుంది? వెన్నుపూసలో దాక్కుని ఏళ్ల తర్వాత మళ్లీ పైకొస్తుందన్న మాట నిజమా?
— డిగ్రీ విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: వెన్నుపూస మాట కట్టుకథ. కొన్ని రోజుల్లో ఒంట్లోంచి మొత్తం పోతుంది. కొందరికి నెలల తర్వాత కూడా కళ్లముందు గీతలు, జాడలు కనిపించడం మాత్రం నిజమైన జబ్బు. అది దాగిన మందు వల్ల కాదు, దృష్టిని నడిపే మెదడు పనితీరులో వచ్చిన మార్పు వల్ల.

బాసెల్ కొలతల్లో 100 మైక్రోగ్రాములకు ప్రభావం సగటున ఎనిమిది గంటలు, 200కు పదకొండున్నర. గాఢత సగం, పావు, పరక అయినా ప్రభావం చూపే మట్టానికి పైనే ఉన్నంతసేపు పని నడుస్తుంది. దీనితోపాటు గ్రాహకం దగ్గర ఒక విశేషముంది. ఎల్‌ఎస్‌డీ అతుక్కుని ఉన్న సెరొటోనిన్ 2బి గ్రాహకం స్ఫటిక నిర్మాణాన్ని 2017లో అమెరికాలోని నార్త్ కరోలైనా పరిశోధకులు ప్రచురించారు. మందు లోపలికి దిగాక గ్రాహకం పైభాగంలోని ఒక వంపు మూతలా దాని మీద వాలుతుంది. అందుకే అది బయటికి రావడం బాగా ఆలస్యమవుతుంది. మూత వదులయ్యేలా ఒక అమైనో ఆమ్లాన్ని మారిస్తే మందు త్వరగా జారిపోయింది. భ్రాంతికి ముఖ్యకారణం దాని దగ్గరి చుట్టం 2ఏ గ్రాహకం. దాన్ని ముందే కెటాన్సెరిన్ అనే మందుతో మూసేసి మందిస్తే భ్రాంతి రాలేదని జ్యూరిక్ శాస్త్రవేత్తలు 1998లో సైలోసైబిన్‌తో (కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే మత్తుపదార్థం), 2017లో ఎల్‌ఎస్‌డీతో చూపించారు.

లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లు 2016లో 75 మైక్రోగ్రాములు నరంలోకి ఇచ్చి స్కాన్ చేస్తే, కళ్లు మూసుకుని ఉన్నవాళ్లలో కూడా దృష్టి కేంద్రం మెదడులోని మిగతా భాగాలతో మామూలు కంటే ఎక్కువగా కలిసి పనిచేసింది. మూసిన కళ్లకు బొమ్మలు కనిపించడానికి ఇంతవరకూ దొరికిన మంచి ఆధారమిదే.

ప్రశ్న: తొలకరికి పేడ మీద మొలిచిన పుట్టగొడుగులు తిని ఇద్దరు కూలీలు వింతగా నవ్వారు. ఏ పరీక్ష అడగాలి?
— ఆరోగ్య కార్యకర్త, కొవ్వూరు

జవాబు: ముందు లివర్ పరీక్షలు. ప్రాణం తీసే పుట్టగొడుగుల్లో వాంతులు, విరేచనాలు ఆరు నుంచి పన్నెండు గంటలకో, ఇంకా ఆలస్యంగానో మొదలై, ఒకరోజు తగ్గినట్టుండి, తర్వాత కాలేయం దెబ్బతింటుంది. మత్తెక్కించేవీ, ప్రాణం తీసేవీ రెండు రకాలూ కలిపి ఏరుకుని ఉండొచ్చు. అందుకే నవ్వుతున్నారని ఇంటికి పంపకుండా కనీసం రెండు రోజులు కనిపెట్టాలి.

మిగిలిన పుట్టగొడుగులు కాగితం కవర్లో పట్టుకెళ్లండి. ప్లాస్టిక్‌లో చెమర్చి కుళ్లిపోతాయి. సైలోసైబిన్ ఒంట్లోకి వెళ్లగానే ఫాస్ఫేట్ ఊడి సైలోసిన్ అవుతుంది. మూత్రంలో ఎక్కువ భాగం గ్లూక్యురోనైడ్‌గా (చక్కెర లాంటి అణువుతో) ముడిపడి వస్తుంది కనక ల్యాబ్ ముందు ఎంజైముతో ఆ ముడి విప్పాలి. అది చేయకుండా నెగెటివ్ ఇచ్చిన రిపోర్టుకు విలువ తక్కువ. సైలోసిన్ గాలికి నీలమెక్కి పాడవుతుంది, ఆస్కార్బిక్ ఆమ్లం కలిపితే నిలుస్తుంది. మొదటి 24 గంటల్లో తీసిన మూత్రమే పనికొస్తుంది.

ప్రశ్న: పోలీసులు కాగితం మీద చుక్క వేసి ఊదారంగు వచ్చిందని ఎల్‌ఎస్‌డీ అని రాశారు. అంత చాలా?
— న్యాయవాది, నరసాపురం

జవాబు: అనుమానానికి చాలు, నిర్ధారణకు చాలదు. ఆ చుక్క ఎర్లిక్ రసాయనం. ఇండోల్ వలయమున్న అణువులతో ఊదారంగు ఇస్తుంది. ఇండోల్ సైలోసిన్‌లోనూ ఉంటుంది, తిండిలోని ట్రిప్టోఫాన్‌లోనూ ఉంటుంది. అతినీలలోహిత దీపం కింద ఎల్‌ఎస్‌డీ నీలంగా మెరుస్తుంది నిజమే, తెల్లదనం కోసం రంగు కలిపిన మామూలు కాగితమూ అలాగే మెరుస్తుంది. ల్యాబ్ రిపోర్టులో మాస్ స్పెక్ట్రం ఉందా, ఐసో-ఎల్‌ఎస్‌డీని, ల్యాంపాను వేరు చేశారా అడగండి. మత్తుపదార్థాల (ఎన్‌డీపీఎస్) చట్టం కింద చిన్న పరిమాణం 0.002 గ్రాములు, వాణిజ్య పరిమాణం 0.1 గ్రాము. 100 మైక్రోగ్రాముల స్టాంపులైతే శుద్ధమైన మందు లెక్కన ఇరవైకే చిన్న పరిమాణం నిండుతుంది. కలిసిన పదార్థం బరువు కూడా లెక్కే అని సుప్రీంకోర్టు 2020లో హీరాసింగ్ కేసులో చెప్పింది. కాబట్టి ల్యాబ్ తూచింది కాగితాన్నా, దానిలోంచి తీసిన మందునా అన్నది రిపోర్టులో స్పష్టంగా ఉండాలి.

ప్రశ్న: జుట్టు పరీక్షలో ఆర్నెల్ల కిందటిది కూడా దొరుకుతుందటగా?
— పేరు రాయని పాఠకుడు, తణుకు

జవాబు: గంజాయి, నల్లమందు లాంటివి రోజూ వాడేవాళ్లకు ఆ మాట కొంత నిజం. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, ఆరు సెంటీమీటర్లు కత్తిరించి ముక్కల వారీగా చూస్తారు. ఎల్‌ఎస్‌డీ మాత్రం మైక్రోగ్రాముల మందు. జుట్టులోకి చేరేది మిల్లీగ్రాము జుట్టుకు పికోగ్రాముల్లో. ఒకసారి వేసుకున్నది చాలా ల్యాబులకు దొరకదు. దొరకలేదంటే వేసుకోలేదని అర్థం కాదు. వాడపల్లిలోనో ద్వారకా తిరుమలలోనో తలనీలాలిచ్చి వచ్చినవాడికి ఛాతీ మీది, చేతుల మీది వెంట్రుకలు తీసుకుంటారు. వాటి పెరుగుదల తలవెంట్రుకలా ఉండదు కనక ఏ నెలదో చెప్పడం కుదరదు.